పద్యానికి ఒక మైకు, హార్మోనియానికి ఒక మైకు: ఆడియో ఇంటర్‌ఫేస్‌తో కొన్నేళ్ల వాడకం

ఒంగోలు చుట్టుపక్కల ఊళ్లలో పౌరాణిక నాటకాలు ఆడిన పెద్దల ఇళ్లకు వెళ్లి, వాళ్ల పద్యాలను రికార్డు చేయడానికి నేను కొన్నేళ్లుగా వాడుతున్న సరంజామా ఇది: రెండు మైకులు పెట్టుకోగల యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేస్ (మైకు సిగ్నల్‌ను పెంచి, డిజిటల్‌గా మార్చి ల్యాప్‌టాప్‌కు పంపే చిన్న పెట్టె), రెండు ష్యూర్ ఎస్‌ఎం58 మైకులు, వాటికి ఎక్స్‌ఎల్‌ఆర్ అనే మూడు పిన్నుల కేబుళ్లు, మామూలు విండోస్ ల్యాప్‌టాప్. ఈ తరహా ఇంటర్‌ఫేస్‌లన్నీ దాదాపు ఒకే తీరున పనిచేస్తాయి కనుక ఇక్కడ చెప్పేది ఏ ఒక్క కంపెనీకో పరిమితం కాదు.

మైకు తీగను నేరుగా ల్యాప్‌టాప్ జాక్‌లో పెడితే సరిపోదా అని చాలామంది అడుగుతారు. సరిపోదు. ఆ చిన్న జాక్ హెడ్‌సెట్ మైకుల కోసం పెట్టింది. ఎస్‌ఎం58 వంటి డైనమిక్ మైకు (బయటి కరెంటు అక్కర్లేని రకం) ఇచ్చే సిగ్నల్ ఒకటి రెండు మిల్లీవోల్టుల స్థాయిలో ఉంటుంది. దాన్ని ల్యాప్‌టాప్‌లోపలి చిన్న యాంప్లిఫయరు పెంచేసరికి గొంతుతో సమానంగా బుసబుస కూడా పెరుగుతుంది. ఎక్స్‌ఎల్‌ఆర్ కేబుల్‌లో అదే సిగ్నల్ రెండు తీగల మీద ఒకదానికొకటి తిరగబడి వస్తుంది. దారిలో రెండింటికీ సమానంగా అంటుకున్న రొద ఇంటర్‌ఫేస్‌లో కొట్టుకుపోయి పద్యం మాత్రమే మిగులుతుంది. ఈ తేడా మొదటి రికార్డింగులోనే చెవికి తెలుస్తుంది.

ఈ పరికరంలో నేను అన్నిటికంటే ఎక్కువగా విలువిచ్చేది గెయిన్ నాబ్‌కు, అంటే మైకు సిగ్నల్‌ను ఎంత పెంచాలో నిర్ణయించే మరకు. నాటకం పాడినవాళ్లు మైదానంలో చివరి వరుసదాకా వినిపించేలా సాధన చేసినవాళ్లు. మాటలో నెమ్మదిగా ఉన్న గొంతు పద్యం చివర రాగం తీసేసరికి ఇల్లు దద్దరిల్లేలా లేస్తుంది. అందుకే "హలో, మైక్ టెస్ట్" అనిపించి గెయిన్ నిర్ణయించకూడదు. పద్యం ఆఖరి పాదం ఎత్తుకొని రాగం పూర్తిగా తీయమని అడుగుతాను. ఆ పైస్థాయి దగ్గర మీటరు మైనస్ 12 డెసిబెల్స్ దాటకుండా (సున్నా దాటితే ధ్వని చిట్లుతుంది) నాబ్ తిప్పి, ఇక దాన్ని ముట్టుకోను. 24 బిట్లలో రికార్డు చేస్తే అంత ఖాళీ వదిలినా నష్టమేమీ లేదు, ఎందుకంటే నెమ్మదిగా పడిన ధ్వనిని తరువాత పెంచుకోవచ్చు. పరిమితి దాటి చిట్లిన రాగాన్ని మాత్రం ఏ సాఫ్ట్‌వేరూ పూర్తిగా బాగుచేయలేదు. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ల చొప్పున రెండు ట్రాకులకు గంటకు సుమారు 1 జీబీ ఖర్చవుతుంది. ఈ రోజుల్లో అది లెక్కలోది కాదు.

హార్మోనియానికి వేరే మైకు పెట్టడం వల్ల తరువాత శ్రుతి ఎంత వినిపించాలో నా చేతిలో ఉంటుంది. ఎస్‌ఎం58కి వెనక వైపు వినికిడి బాగా తక్కువ కాబట్టి, పాడేవారి మైకు వీపు హార్మోనియం వైపు ఉండేలా ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెడతాను. రెండో మైకును తిత్తికి ఎదురుగా పెడితే గాలి చప్పుడు, మెట్లకు మరీ దగ్గరగా పెడితే వేళ్ల టకటక. జానెడు పైకెత్తి కాస్త వంచితే రెండూ తగ్గుతాయి. ఎండాకాలంలో మా జిల్లాలో ఫ్యాను ఆపమని పెద్దవాళ్లను అడగడం న్యాయం కాదు. మైకును నోటికి బెత్తెడు దూరానికి తెస్తే ఫ్యాను దానంతటదే వెనక్కి పోతుంది. కండెన్సర్ మైకు (కరెంటుతో నడిచే, సున్నితమైన రకం) దూరపు శబ్దాలను లాగేస్తుందని అంటారు కానీ, ఆ తేడా చాలావరకు దాన్ని ఎంత దూరంలో పెట్టారన్నదాన్ని బట్టే వస్తుందని నా అభిప్రాయం.

కరెంటు హమ్ సంగతి విడిగా చెప్పాలి. గుడి దగ్గర భజన రికార్డు చేసేటప్పుడు మైక్‌సెట్ వాళ్ల మిక్సర్ నుంచి లైన్ (మైకు కంటే చాలా బలమైన సిగ్నల్) తీసుకుంటే, మిక్సర్ ఒక ప్లగ్గులో, ల్యాప్‌టాప్ చార్జరు మరో ప్లగ్గులో ఉన్నప్పుడు సన్నగా "బుయ్" మని మొదలవుతుంది. చార్జరు తీసి బ్యాటరీ మీద నడిపితే చాలాసార్లు పోతుంది. పోకపోతే రెండింటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు తేవాలి, లేదా మధ్యలో తీగలను నేరుగా కలపకుండా సిగ్నల్‌ను మాత్రం దాటించే ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టాలి. ఎర్త్ పిన్ను తీసేసే అలవాటు మాత్రం ప్రాణాలకే ముప్పు. ఇంటర్‌ఫేస్‌లోని ఇన్‌పుట్‌ను మైకు నుంచి లైన్‌కు మార్చడం కూడా తప్పనిసరి.

సాఫ్ట్‌వేరుకు ఉచితంగా దొరికే ఆడాసిటీ చాలు. స్టీరియోగా రికార్డు చేసి తరువాత రెండు మోనో ట్రాకులుగా విడదీస్తాను.

లోపాలు లేకపోలేదు. కొత్తపట్నం వంటి సముద్రపు ఊళ్లలో వాడిన కేబుళ్ల పిన్నులు నల్లబడి చిటపట మొదలవుతుంది, తుడిచి పెట్టుకోవాల్సిందే. వయసు మీద పడి గొంతు సన్నగిల్లినవాళ్లకు గెయిన్ చివరిదాకా తిప్పినా చాలదు, పైగా బుస వినిపిస్తుంది. అటువంటివారిని రికార్డు చేసేవాళ్లు ఫాంటమ్ పవర్‌తో (ఇంటర్‌ఫేస్ మైకు కేబుల్ గుండానే పంపే కరెంటుతో) నడిచే చిన్న బూస్టరును, సుమారు 25 డెసిబెల్స్ పెంచేదాన్ని, మైకు కేబుల్ మధ్యలో చేర్చుకోవాలి. ఇంటర్‌ఫేస్‌ను మార్చడం కంటే అది చవక.