పాత ఐమ్యాక్‌కు ఎస్‌ఎస్‌డీ: లోపల బిగించాలా, బయట తగిలించాలా?

పాత ఐమ్యాక్ (తెరా కంప్యూటరూ ఒకటిగా ఉండే ఆపిల్ మెషీన్) నత్తనడక నడుస్తోంది, లోపలి హార్డ్ డిస్క్ తీసి ఎస్‌ఎస్‌డీ (కదిలే భాగాల్లేని, వేగమైన డిస్క్) వేయాలా, బయట ఒకటి తగిలిస్తే సరిపోతుందా అని చాలామంది అడుగుతున్నారు. రెంటిలో ఏది మేలో డిస్క్ వేగాన్ని బట్టి తేలదు. ముందు అద్దాన్ని ఎలా అమర్చారు, వెనక ఏ పోర్టులున్నాయి, ఈ రెండూ చూసుకుంటే చాలు.

2009 నుంచి 2011 దాకా వచ్చిన మోడళ్లకైతే లోపలే బిగించండి. వాటిలో ఉన్నది యూఎస్‌బీ 2. సెకనుకు 30, 40 మెగాబైట్లకు మించి రాదు కాబట్టి యూఎస్‌బీకి ఎంత మంచి ఎస్‌ఎస్‌డీ తగిలించినా దండగే. పైగా తెరవడం తేలిక: అద్దాన్ని పట్టుకుని ఉన్నవి అయస్కాంతాలే, రెండు సక్షన్ కప్పులతో లాగితే వచ్చేస్తుంది. దాని వెనక తెరకు టీ10 (నక్షత్రాకారపు తల ఉన్న) స్క్రూలుంటాయి. చిక్కంతా ఫ్యాన్‌తోనే. 2011 మోడల్లో డిస్క్ వేడి ఎంతో తెలిపే సంకేతం పవర్ కేబుల్ గుండానే వెళ్తుంది. బయట కొన్న డిస్క్ ఆ సంకేతం ఇవ్వదు, దాంతో ఫ్యాన్ పూర్తి వేగంతో హోరెత్తుతుంది. సెన్సర్ ఉన్న కేబుల్ వేయాలి, లేదా ఫ్యాన్‌ను అదుపు చేసే సాఫ్ట్‌వేర్ పెట్టుకోవాలి.

2012 చివర్లో వచ్చిన పల్చటి మోడల్ నుంచి లెక్క మారిపోయింది. అద్దమూ తెరా ఒకే ముక్క, దాన్ని చుట్టూ జిగురు టేపుతో బాడీకి అతికించారు. పిజ్జా కోసే చక్రంలాంటి పనిముట్టుతో ఆ టేపును కోసుకుంటూ పోవాలి. మిగిలిన జిగురు విడదీయడానికి ప్లాస్టిక్ కార్డు వాడతారు, పైన మధ్యలో కెమెరా దగ్గర దాన్ని లోతుగా దించకూడదు. విడిపోయాక తెరను పైనుంచి కొద్దిగానే వంచాలి, వెనక రెండు పొట్టి కేబుళ్లుంటాయి. అవి ఊడదీయకుండా లాగితే తెగుతాయి. తెర పగిలిందంటే ఎస్‌ఎస్‌డీ ఖర్చు దాని ముందు ఏ మూలకూ రాదు.

ఇంత సాహసానికి దక్కేదేమిటి? లోపల సాటా (మామూలు డిస్క్ కనెక్షన్) ఎస్‌ఎస్‌డీ సెకనుకు సుమారు 500 మెగాబైట్లిస్తే, ఈ మోడళ్ల వెనకున్న యూఎస్‌బీ 3 ద్వారా బయటిది 400 పైచిలుకు ఇస్తుంది, యూఏఎస్‌పీ (యూఎస్‌బీలో డేటాను వేగంగా పంపే పద్ధతి) ఉన్న ఎస్‌ఎస్‌డీ పెట్టె కొంటే. హార్డ్ డిస్క్ మొరాయించేది ప్రతి చిన్న ఫైలు కోసం దాని హెడ్ అటూ ఇటూ కదలాల్సి రావడం వల్ల. ఎస్‌ఎస్‌డీ ఎక్కడున్నా ఆ జాప్యం పోతుంది. అందుకే ఈ మోడళ్లకు నా ఓటు బయటి ఎస్‌ఎస్‌డీకే.

దానికీ లోట్లున్నాయి. కేబుల్ కదిలితే సిస్టమ్ అక్కడికక్కడే ఆగిపోతుంది, కాబట్టి పెట్టెను స్టాండు వెనక టేపుతో అతికించి పొట్టి కేబుల్ వాడండి. యూఎస్‌బీ ద్వారా పెట్టిన సాటా ఎస్‌ఎస్‌డీకి మ్యాక్ ఓఎస్ మామూలుగా ట్రిమ్ (చెరిపేసిన ఫైళ్ల జాగా ఖాళీ అయిందని డిస్క్‌కు చెప్పే ఆదేశం) పంపదు, కొంత జాగా ఖాళీగా వదలండి. డిస్క్ యుటిలిటీలో GUID స్కీమ్‌తో ఫార్మాట్ చేసి సిస్టమ్ ఎక్కించాక, స్టార్టప్ డిస్క్ సెట్టింగులో దాన్నే ఎంచుకోవడం మరవద్దు.

మళ్లీ హార్డ్ డిస్కే వేయడం అనవసరం. 27 అంగుళాల పల్చటి మోడల్లో మదర్‌బోర్డు వెనకున్న స్లాట్‌లో బ్లేడ్ ఎస్‌ఎస్‌డీ (సన్నని పట్టీలా ఉండేది) వేయొచ్చు గానీ, అందుకు బోర్డు మొత్తం ఊడదీయాలి.

లోపలి డిస్క్ చెడిపోయే దశలో ఉంటే మాత్రం తెరవడమే నయం. బయటి నుంచి బూట్ చేసినా సిస్టమ్ దాన్ని చదవబోయి మాటిమాటికీ ఆగుతుంది. ప్లగ్ తీసి, పవర్ బటన్ కొన్ని సెకన్లు నొక్కి పట్టాకే పని మొదలుపెట్టండి. పవర్ సప్లై బోర్డు మీద చెయ్యి వేయకండి. పల్చటి మోడళ్లలో 21.5 అంగుళాలదానిలో ఉండేది 2.5 అంగుళాల డిస్కే కాబట్టి ఎస్‌ఎస్‌డీ నేరుగా కూర్చుంటుంది, 27 అంగుళాలదానికి 3.5 అంగుళాల అడాప్టర్ కావాలి. పాత జిగురును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచాక, కొత్త జిగురు స్ట్రిప్పులు అంటించకముందే తెరను మాస్కింగ్ టేపుతో నిలబెట్టి ఒకసారి ఆన్ చేసి చూడండి. డిస్క్, తెర, కెమెరా, శబ్దం అన్నీ సరిగ్గా ఉంటేనే అతికించండి.