మాథేరాన్ బండి: ఇరవై ఒక్క కిలోమీటర్ల లైను, మూడు కిలోమీటర్ల వాడకం

మాథేరాన్ ముంబై దగ్గరి కొండ ఊరు. "మాథేరాన్‌లో టాయ్ ట్రైన్ ఎక్కాం" అన్నవాళ్లను ఎక్కడ ఎక్కారని అడిగి చూడండి. చాలామంది అమన్ లాడ్జ్ స్టేషన్ అంటారు. అంటే కొండ కింది నేరళ్ నుంచి ట్యాక్సీలో కొండెక్కేసి, మోటారు బళ్లు ఆగిపోయే దస్తూరీ నాకా దగ్గర దిగి, చివరి మూడు కిలోమీటర్లు మాత్రం రైల్లో వెళ్లారన్నమాట. దాని పేరు షటిల్. ఇరవై నిమిషాల్లో అయిపోతుంది. కొండెక్కడం ఈ బండి అసలు పని. ఆ పని వాళ్లు చూడనే లేదు. నేరళ్ నుంచి మాథేరాన్ దాకా ఉన్న 21 కిలోమీటర్లలో ఇప్పుడు అంతో ఇంతో నిలకడగా నడిచేది ఈ తోక ఒక్కటే. నా కోపమంతా దాని మీదే. ఇన్నేళ్ల రాకపోకల తర్వాత కూడా అది తగ్గలేదు.

1907లో లైను తెరవడం, కట్టించిన ఆదమ్‌జీ పీర్‌భాయ్ కుటుంబం, రెండడుగుల గేజి (పట్టాల మధ్య ఎడం), వన్ కిస్ టన్నెల్ అనే సొరంగం... ఇవన్నీ అందరికీ తెలిసినవే. వాటిని వదిలేస్తున్నాను. తెలియాల్సింది ఎక్కుడు గురించి. నిటారుగా ఉన్నచోట ఇరవై అడుగులు ముందుకు పోతే ఒక అడుగు పైకి. నీలగిరి బండికి పట్టాల మధ్య పళ్ల పట్టా ఉంటుంది, ఇంజిను దాన్ని పట్టుకుని ఎక్కుతుంది. ఇక్కడ అలాంటి ఊతం ఏమీ లేదు. ఉక్కు చక్రం ఉక్కు పట్టా మీద జారకుండా నిలబడాలి, అంతే. పట్టా తడిసినా, రాలిన ఆకు నలిగి జిగురైనా చక్రం ఉన్నచోటే గిర్రున తిరుగుతుంది. అప్పుడు చక్రం ముందు ఇసుక వదులుతారు. కిటికీ పక్కన కూర్చుంటే చూడక్కర్లేదు, చెవికే తెలుస్తుంది. ఇంజిను మోత ఒక్కసారి పైకి లేచి, పెట్టె కుదుపుతో నెమ్మదించి, మళ్లీ మోత బరువుగా దిగిందంటే ఇసుక పట్టు ఇచ్చిందని అర్థం.

ఎక్కుడు ఒక ఎత్తు, వంపులు ఇంకో ఎత్తు. మొదట తెచ్చిన జర్మనీ ఆవిరి ఇంజిన్లకు చివరి ఇరుసులను బోలుగా చేసి, వంపులో చక్రాలు కాస్త పక్కకు కదిలేలా ఏర్పాటు చేశారు. క్లీన్-లిండ్‌నర్ ఇరుసులంటారు. అంత అవస్థ ఎందుకంటే మామూలు బిగుతు ఇరుసులతో ఆ వంపు తిరగబోతే చక్రం అంచు పట్టాను గీరుకుంటూ పోతుంది. గీరుకున్న కొద్దీ అంచు అరుగుతుంది. అరిగిన అంచు, వంపులో కాస్త వెడల్పైన గేజి, వదులైన బిగింపు... ఈ మూడూ ఒకచోట కలిస్తే చక్రం పట్టా మీదికి ఎక్కుతుంది, పెట్టె పట్టాలు తప్పుతుంది. పెట్టెలు తేలికైనవి కాబట్టి ఎక్కడం మరీ సులువు. ఇప్పటి డీజిల్ ఇంజిన్లకూ, పెట్టెలకూ ఈ జబ్బు కొత్తేమీ కాదు. ఈ లైనులో చక్రాల అంచు మీద ఎప్పుడూ కన్నేసి ఉంచాల్సిందే.

2016 మేలో కొద్ది రోజుల తేడాతో రెండుసార్లు బండి పట్టాలు తప్పింది. మొత్తం ఆపేశారు. అంతకుముందు దాకా పెట్టె పెట్టెకూ ఒక మనిషి చేత్తో బ్రేకు తిప్పేవాడు. డ్రైవరు ఈల వేస్తే బిగించడం, మళ్లీ వేస్తే వదలడం. చూడ్డానికి ముచ్చటే. కానీ దిగుడులో ఒక్కడు ఆలస్యం చేస్తే వాడి పెట్టె బరువంతా ముందు పెట్టె మీద పడుతుంది. ఆ తర్వాత ఎయిర్ బ్రేకు పెట్టారు. ఇప్పుడు డ్రైవరు ఒక్క పిడి తిప్పితే అన్ని పెట్టెలకూ ఒకేసారి బ్రేకు పడుతుంది. పాత ఈలల భాష పోయిందని బాధపడేవాళ్లు ఉంటారు. నాకైతే ఆ బాధ లేదు.

అసలు దెబ్బ మాత్రం బ్రేకులది కాదు, నీళ్లది. లైను కొండ నడుముకు చుట్టిన గట్టు. ఒక పక్క కొండను కోసి, ఆ మట్టిని ఇంకో పక్క పోసి కట్ట చేశారు. కోసిన పక్క సన్నటి కాలువ ఉంటుంది. వానాకాలం పైనుంచి వచ్చే నీళ్లు ఆ కాలువలో పడి, కల్వర్టు దాకా పోయి, పట్టాల కింది నుంచి లోయలోకి దిగాలి. ఆకులు, ఎర్రమట్టి, ఒక మోస్తరు రాయి కలిసి కల్వర్టు నోరు మూశాయంటే నీళ్లకు మిగిలిన దారి పట్టాల మీదుగానే. ముందు కంకర పోతుంది. తర్వాత పోసిన కట్ట అంచు జారుతుంది. చివరికి పట్టాలు, స్లీపర్లు బట్టలారేసిన తాడులా గాల్లో వేలాడతాయి. 2005 జులై 26న ముంబైని ముంచిన వాన ఈ లైనును అలాగే చేసింది, మళ్లీ బండి తిరిగేసరికి 2007 వచ్చింది. 2019 వానలకు మళ్లీ అదే కథ. ఈసారి కింది లైను, అంటే నేరళ్ నుంచి అమన్ లాడ్జ్ దాకా ఉన్న భాగం, తెరిచింది 2022 అక్టోబరు 22న. మధ్యలో 2016 ఘటన తర్వాత షటిల్ 2017 చివర్లో, పూర్తి బండి 2018 మొదట్లో వచ్చాయి. లెక్కేసుకుంటే 2005 నుంచి 2022 దాకా పదిహేడేళ్లలో ఆరేళ్లకు పైగా కింది లైను మూతే. దీనికి ఏటా జూన్ నడిమి నుంచి నాలుగు నెలల వానాకాలపు సెలవు విడిగా కలుపుకోవాలి. ఆ సెలవు కూడా అక్టోబరులో అయిపోవాల్సింది, నవంబరు దాకా సాగిన ఏళ్లున్నాయి.

తెగిన లైను అతకడానికి ఇంత కాలం ఎందుకంటారు. రోడ్డు ఈ లైనును అక్కడక్కడ మాత్రమే తాకుతుంది. మిగతా చోట్లకు కంకర, రాళ్లు, ఇనుప వల చేరాలంటే బండి మీదే చేరాలి. బండి నడవాలంటే లైను ఉండాలి. అందుకని నేరళ్ వైపు నుంచి ఒక తెగుడు అతికి, దాని మీదుగా సామాను తీసుకెళ్లి, తర్వాతి తెగుడు దగ్గర ఆగాలి. నడిమి తెగుడు వంతు వచ్చేసరికి ఇంకో వానాకాలం వచ్చేస్తుంది. 2022లో తెరిచినప్పుడు లోయ వైపు ఇనుప వల బుట్టల్లో రాళ్లు నింపి పేర్చిన గోడలు, పెట్టె తప్పినా లోయలో పడకుండా ఆపే కంచెలు పెట్టారు. రాళ్ల బుట్టల గోడ సిమెంటు గోడ కన్నా ఇక్కడ మేలు. నీళ్లు సందుల్లోంచి కారిపోతాయి, వెనక పేరుకుని గోడను తోసెయ్యవు. కల్వర్టు నోరు శుభ్రంగా ఉంచడం మాత్రం ఏ గోడా చెయ్యదు.

ఇక షటిల్ దగ్గరికి వస్తాను. 2012లో మొదలైంది. కింది లైను వానకు మూసినా ఇది నడుస్తుంది. దీని లెక్క చాలా తేలిక. పూర్తి బండి పైకి రెండు గంటల నలభై నిమిషాలు, కిందికీ ఇంచుమించు అంతే. అంటే ఒక వరస పెట్టెలు ఐదున్నర గంటల్లో ఒక్క విడత తిరుగుతాయి. అవే పెట్టెలు షటిల్‌లో పెడితే అదే వ్యవధిలో ఆరేడు విడతలు, అన్నీ నిండుగా. జీతాలు, డీజిలు లెక్క చూసేవాడు దేనికి ఓటేస్తాడో చెప్పక్కర్లేదు. ఇప్పుడు నేరళ్ నుంచి రోజుకు రెండు బళ్లు ఎక్కుతాయి, రెండు దిగుతాయి. షటిళ్లు అంతకన్నా బాగా ఎక్కువ, శని ఆదివారాల్లో మరీనూ. కానీ ఈ లెక్కలో ఒక తిరకాసు ఉంది. ఇంజిన్ల షెడ్డు నేరళ్‌లో ఉంది. కింది లైను తెగిందంటే పైన చిక్కిన ఇంజినుకు, పెట్టెలకు పెద్ద రిపేరు వస్తే కిందికి దించే దారి ఉండదు. షటిల్ బతుకు కూడా ఆ కింది పద్దెనిమిది కిలోమీటర్ల మీదే ఆధారపడి ఉంది.

చిన్న గేజి లైన్లకు రెండే గతులు పట్టాయనిపిస్తుంది: పెద్ద గేజిగా మారడం, లేదా సరదా బండిగా మిగలడం. మన శ్రీకాకుళం జిల్లా నౌపడా నుంచి పర్లాకిమిడి మీదుగా గుణుపురం పోయే చిన్న బండి ఊళ్లవాళ్ల బండి. సంతకు, ఆస్పత్రికి, కాలేజీకి ఎక్కేవాళ్లుండేవారు. 2004లో దాన్ని ఆపి, తర్వాత పెద్ద గేజి వేశారు. చిన్న బండి పోయింది, రైలు మిగిలింది. మాథేరాన్‌కు పెద్ద గేజి వెయ్యలేరు, కొండ ఒప్పుకోదు. ఊళ్లవాళ్ల అవసరం రోడ్డు తీర్చేసింది. దస్తూరీ దాటాక మోటారు బండి రాకూడదన్న నియమం ఒక్కటే దీన్ని కాపాడుతోంది. అందులోనూ 2022 చివర్లో ఈ-రిక్షాలు ప్రయోగంగా వచ్చాయి. మనిషి లాగే రిక్షాను ఆపేయాలని 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు చెప్పింది కాబట్టి అవి ఇంకా పెరుగుతాయి. లాగేవాళ్ల దృష్టితో చూస్తే అది న్యాయమే, ఎప్పుడో జరగాల్సింది. షటిల్‌కు మాత్రం పోటీ పెరుగుతుంది.

ఎనిమిది మందికి ఏసీ సెలూన్ పెట్టె కూడా పెట్టారు. ప్రకటించినప్పుడు వారాంతం అద్దె 40 వేలు దాటింది. దాని గురించి నాకు చెప్పడానికేమీ లేదు.

ఎక్కదలిస్తే పద్ధతి ఇది. హైదరాబాద్ నుంచి ముంబై పోయే రాత్రి బళ్లు చాలావరకు కల్యాణ్‌లో ఆగుతాయి. అక్కడ దిగి కర్జత్ లేదా ఖోపోలీ లోకల్ పట్టుకుంటే ముప్పావు గంటలో నేరళ్. మెయిన్ లైను ప్లాట్‌ఫారం పక్కనే చిన్న గేజి. ఎక్కే బళ్లు రెండూ పొద్దున్నే, దిగేవి రెండూ మధ్యాహ్నం దాటాక. వేళలు వానాకాలం తర్వాత మారుతుంటాయి, ముందు రోజు చూసుకోండి. టికెట్లు బండి బయల్దేరే 45 నిమిషాల ముందు కిటికీలో, ముందొచ్చినవాళ్లకు ముందు. ఆరు పెట్టెలు, అందులో రెండు సగం సామాను పెట్టెలు. సాయంత్రం లోకల్లో ఒక్క పెట్టెలో కిక్కిరిసే జనం ఈ బండంతటా సర్దినా మిగిలిపోతారు. కాబట్టి ఆదివారం వెళ్లి టికెట్టు దొరకలేదని తిట్టుకోవద్దు. మంగళ, బుధవారాలు చూసుకోండి.

ఏ వైపు కూర్చోవాలని తన్నుకోనక్కర్లేదు. లైను మెలికలు తిరుగుతూ ఎక్కుతుంది కాబట్టి లోయ ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకు వస్తుంది. గాజు పైకప్పు పెట్టె ఫొటోల్లో బాగుంటుంది గానీ రెండో బండికి పైకి చేరేసరికి మిట్టమధ్యాహ్నం, నెత్తిన ఎండ. నేనైతే సెకండ్ క్లాసే అంటాను. మోత వినాలి, డీజిలు వాసన రావాలి. జుమ్మాపట్టి, వాటర్ పైప్ స్టేషన్లలో ఆగినప్పుడు తినేది ఏదైనా కిటికీ గట్టున పెట్టకండి. కోతులు కవరు చప్పుడు దూరం నుంచే గుర్తుపడతాయి.

ఎక్కే బండిని ఇంత మెచ్చుకున్నాను గానీ, ఒక సంగతి ఒప్పుకోవాలి. గంటకు ఎనిమిది కిలోమీటర్ల లోపు వేగం. మొదటి గంట పండగ. రెండో గంట సగానికి వచ్చేసరికి బల్ల నడుముకు తెలుస్తుంది. వంపుల్లో పెట్టె ఊగుడు వల్ల వాంతులయ్యే పిల్లలుంటారు. పెట్టెలో మరుగుదొడ్డి ఉంటుందని లెక్కపెట్టుకోవద్దు. షుగరున్న పెద్దవాళ్లను, నాలుగేళ్లలోపు పిల్లలను తీసుకుపోయేవాళ్లు ట్యాక్సీ, షటిల్ ఎక్కితే వాళ్ల తప్పేమీ లేదని కూడా చెప్పాలి. పైన నేను షటిల్‌ను తీసిపారేసినంతగా తీసిపారేయక్కర్లేదు. సామాను మోసుకుంటూ ఎర్రమట్టి దారిలో మూడు కిలోమీటర్లు నడవాల్సిన పని అది తప్పిస్తుంది.

నా మట్టుకు తేలిన దారి వేరే. పైకి ట్యాక్సీ, షటిల్. కిందికి పూర్తి బండి. దిగుడులో ఇంజినుకు పని తక్కువ, మోత తక్కువ. బ్రేకు పట్టినప్పుడల్లా పెట్టె కింద సన్నగా కీచుమనడం, వంపులో అంచు పట్టాను ఒరుసుకోవడం విడివిడిగా వినిపిస్తాయి. సాయంత్రపు ఎండ కొండ చరియల మీద ఏటవాలుగా పడుతుంది. పైగా రాత్రి మాథేరాన్‌లో ఉంటే మధ్యాహ్నం క్యూలో నిలబడటానికి తీరిక ఉంటుంది. ఒకవేళ టికెట్టు దొరక్కపోయినా షటిల్‌లో అమన్ లాడ్జ్ దాకా వచ్చి ట్యాక్సీ పట్టుకోవచ్చు, రాత్రి కల్యాణ్‌లో ఎక్కాల్సిన బండి తప్పిపోదు. రిటర్న్ టికెట్టు నేరళ్‌లోనే ఇమ్మని అడగకండి. దిగే టికెట్టు మాథేరాన్ కిటికీలోనే తీసుకోవాలి. గంట ముందే వరుసలో ఉండండి, చిల్లర దగ్గర పెట్టుకోండి.