వాషింగ్టన్ రాష్ట్రానికి ఏ టైమ్ మేలు?

మార్చి రెండో ఆదివారం గడియారం గంట ముందుకు, నవంబర్ మొదటి ఆదివారం గంట వెనక్కి. సియాటెల్ చుట్టుపక్కల ఈ మార్పుతో విసిగిపోని వాళ్లు తక్కువ. నిజానికి దీన్ని ఆపాలని వాషింగ్టన్ శాసనసభ 2019లోనే చట్టం చేసింది, అప్పటి గవర్నర్ జే ఇన్‌స్లీ సంతకం కూడా పెట్టారు. అయినా ఏమీ ఆగలేదు. కారణం, ఆ చట్టం కోరింది ఏడాది పొడవునా డేలైట్ టైమ్, అంటే గంట ముందుకు జరిపిన వేసవి టైమ్. 1966 నాటి యూనిఫాం టైమ్ యాక్ట్ ప్రకారం ఏ రాష్ట్రమైనా సొంతంగా స్టాండర్డ్ టైమ్‌లో, అంటే గంట ముందుకు జరపని చలికాలపు టైమ్‌లో, ఉండిపోవచ్చు. డేలైట్ టైమ్‌లో ఉండిపోవాలంటే మాత్రం అమెరికా పార్లమెంటైన కాంగ్రెస్ ఒప్పుకోవాలి. 2022 మార్చిలో అందులోని ఒక సభ, సెనేట్, ఒప్పుకుంది. రెండోదైన ప్రతినిధుల సభలో బిల్లు కదల్లేదు.

ఇప్పుడున్నట్టే ఏడాదికి రెండుసార్లు మార్చుకోవడాన్ని నేను మొదటే పక్కన పెడతాను. మార్చిలో గంట నిద్ర తగ్గాక ఆ వారంలో ప్రాణాలు తీసే రోడ్డు ప్రమాదాలు పెరుగుతున్నాయని అధ్యయనాలు చెబుతున్నాయి. కరెంటు ఆదా అనే వాదన కూడా గట్టిగా నిలబడలేదు. ఇండియానా రాష్ట్రమంతా 2006లో డేలైట్ టైమ్‌కి మారినప్పుడు లెక్కలు తీస్తే, ఇళ్లలో కరెంటు వాడకం తగ్గకపోగా దాదాపు ఒక శాతం పెరిగిందని తేలింది.

ఇక అసలు పోటీ మిగిలిన రెండింటి మధ్యే: ఏడాదంతా స్టాండర్డ్ టైమా, డేలైట్ టైమా. సియాటెల్‌లో డిసెంబర్ చివర సూర్యుడు ఉదయం 7:55 ప్రాంతంలో వస్తాడు, సాయంత్రం 4:20కే వెళ్లిపోతాడు. అది స్టాండర్డ్ టైమ్. ఏడాదంతా డేలైట్ టైమే ఉంటే సూర్యోదయం 8:55, సూర్యాస్తమయం 5:20. ఆఫీసు నుంచి బయటికొచ్చేసరికి కాస్త వెలుతురు మిగిలి ఉంటుందన్న ఆశ ఎంత బలమైనదో ఇక్కడి చలికాలం గడిపినవాళ్లకు చెప్పక్కర్లేదు. కానీ దానికి బదులుగా నవంబర్ చివరి నుంచి ఫిబ్రవరి మొదటి వారం దాకా 8:30కి కూడా తెల్లవారదు. పైగా వాన. ఆ చీకట్లో బస్సు కోసం రోడ్డు పక్కన నిలబడేది పిల్లలు.

ఇది ఊహ కాదు, అమెరికా ఒకసారి చేసి చూసింది. చమురు సంక్షోభంలో అప్పటి అధ్యక్షుడు నిక్సన్ సంతకం చేసిన చట్టంతో 1974 జనవరి 6 నుంచి దాదాపు దేశమంతా డేలైట్ టైమ్‌లోకి వెళ్లింది. తెల్లవారకముందే బడికి బయల్దేరిన పిల్లలు ఫ్లోరిడాలో ప్రమాదాల్లో చనిపోయారన్న వార్తలు వచ్చాయి. జనంలో మద్దతు వేగంగా పడిపోయింది. అక్టోబర్‌లోనే, నిక్సన్ తర్వాత అధ్యక్షుడైన ఫోర్డ్ చలికాలానికి స్టాండర్డ్ టైమ్ తిరిగి తెచ్చారు. ఫ్లోరిడా కంటే ఎంతో ఉత్తరాన ఉన్న మనకు చలికాలపు పొద్దున ఇంకా ఆలస్యంగా వస్తుంది. రష్యా కూడా 2011లో శాశ్వత వేసవి టైమ్ పెట్టుకుని, 2014లో వదిలేసింది. నిద్ర వైద్యుల సంఘమైన అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ కోరుతున్నది కూడా శాశ్వత స్టాండర్డ్ టైమే. పొద్దుటి వెలుతురే మన ఒంటి గడియారాన్ని సరిచేస్తుందన్నది వాళ్ల వాదన.

స్టాండర్డ్ టైమ్‌తో నష్టాలు లేవని అనను. జూన్‌లో తెల్లవారుజామున 4:11కే సూర్యుడు వచ్చేస్తాడు, మందపాటి కర్టెన్లు లేకపోతే నిద్ర పట్టదు. 9:10 దాకా ఉండే ఎండ 8:10కే అయిపోతుంది. రెడ్‌మండ్ మేరీమూర్ పార్కులో ఆఫీసు అయ్యాక క్రికెట్ ఆడేవాళ్లకు ఒక గంట పోతుంది. హైదరాబాద్ టీమ్‌తో పనిచేసేవాళ్ల సంగతి ఇంకొకటి. ఇక్కడ ఉదయం 8:30 కాల్ అంటే డేలైట్ టైమ్‌లో అక్కడ రాత్రి 9, స్టాండర్డ్ టైమ్‌లో రాత్రి 10. ఏడాదంతా 10 అంటే అవతలివాళ్లకు కష్టమే, ఆ మాట ఒప్పుకోవాలి. అయితే కాల్ టైమ్‌ని మేనేజర్ మార్చగలడు. డిసెంబర్ సూర్యోదయాన్ని ఎవరూ మార్చలేరు.

నాకు నిజంగా చిక్కుగా కనిపించేది పక్క రాష్ట్రం ఒరెగాన్ సరిహద్దు. కొలంబియా నదికి ఇవతల వాషింగ్టన్‌లోని వాంకూవర్, అవతల ఒరెగాన్‌లోని పోర్ట్‌లాండ్. రోజూ వంతెన దాటి ఉద్యోగాలకు వెళ్లేవాళ్లు ఎందరో. మనం ఒక్కళ్లమే స్టాండర్డ్ టైమ్‌లో ఉండిపోతే ఏడాదిలో దాదాపు ఎనిమిది నెలలు ఆ వంతెనకు అటూ ఇటూ గంట తేడా ఉంటుంది. అందుకే ఒరెగాన్‌తో కలిసి చేస్తే అన్నిటికన్నా మంచిది. వాళ్లు రాకపోతే? అరిజోనా 1968 నుంచి చాలావరకు స్టాండర్డ్ టైమ్‌లోనే ఉంది. పక్కనున్న కాలిఫోర్నియాతో ఏటా కొన్ని నెలలు గంట తేడా వస్తున్నా దాని బతుకు సాగుతూనే ఉంది. వాషింగ్టన్ రాష్ట్ర సెనేట్‌లో 2024లో శాశ్వత స్టాండర్డ్ టైమ్ బిల్లు ఒకటి వచ్చింది, ముందుకు సాగలేదు. కాంగ్రెస్ కోసం ఎదురుచూస్తున్న 2019 చట్టాన్ని పట్టుకు కూర్చోకుండా, ఆ బిల్లునే మళ్లీ సభలో పెట్టాలి.