ఆరేళ్లుగా నా ట్యాబ్ కీ

ఇదంతా మా ఆవిడ విసుగుతో మొదలైంది. అప్పట్లో ఉప్పల్‌లో మాది ఒక్క గది ఇల్లు. రాత్రి పన్నెండింటికి నేను ట్యాబ్ నొక్కినప్పుడల్లా టర్మినల్, అంటే కమాండ్లు టైప్ చేసే కిటికీ, టింగ్‌మనేది. ఆ కమాండ్లు నడిపే బ్యాష్ తీరే అంత: ట్యాబ్ నొక్కితే సగం కొట్టిన పేరును పూర్తి చేస్తుంది, ఏ ఫైలో తేలకపోతే మొదటి నొక్కుకి గంట, రెండో నొక్కుకి జాబితా. "ఆ గంట బంద్ చేస్తారా, లైటు బంద్ చేయమంటారా?" అంది.

హోమ్ డైరెక్టరీలో, అంటే నా సొంత ఫోల్డర్‌లో, డాట్ ఇన్‌పుట్‌ఆర్‌సీ అనే సెట్టింగుల ఫైలు పెట్టి బెల్-స్టైల్ నన్ అని రాశాను. గంట పోయింది. పనిలో పనిగా షో-ఆల్-ఇఫ్-యాంబిగ్యువస్ ఆన్ చేశా, జాబితా మొదటి నొక్కుకే వస్తోంది. కంప్లీషన్-ఇగ్నోర్-కేస్‌తో పెద్ద చిన్న అక్షరాల గోల తీరింది. దానికి జోడీగా కంప్లీషన్-మ్యాప్-కేస్ పెడితే హైఫన్, అండర్‌స్కోర్ ఒకటే అయిపోతాయి. అండర్‌స్కోర్ కోసం షిఫ్ట్ వెతుక్కునే బాధ లేదు. నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే.

మర్నాడే ఒక తలనొప్పి. కంట్రోల్‌తో బాణం కీ నొక్కితే పదం పదం దూకడం ఆగిపోయింది. మన సొంత ఫైలు ఉంటే ఈటీసీ ఫోల్డర్‌లో అందరికీ కలిపి ఉండే ఇన్‌పుట్‌ఆర్‌సీని బ్యాష్ అసలు చదవదట! నా ఫైల్లో పైన డాలర్ ఇంక్లూడ్ లైనుతో దాన్ని కలిపితే సర్దుకుంది.

నేను వదిలేసింది మెనూ-కంప్లీట్. ట్యాబ్‌కి దాన్ని తగిలిస్తే సరిపోయే పేర్లు ఒక్కొక్కటే తిరుగుతాయి. చూడ్డానికి బాగుంటుంది, రెండు నెలలు మురిసిపోయాను కూడా. ఒకరోజు ఫైలు తీసేసే ఆర్ఎం కమాండ్ కొట్టి, 'లాగ్స్' మొదటి రెండక్షరాలు వేసి ట్యాబ్ నొక్కా. నేను తీసేయాల్సింది మార్చి లాగ్. అక్షర క్రమంలో ముందుండే ఏప్రిల్ లాగ్ వచ్చి కూర్చుంది. పేరు నిండుగా కనిపించేసరికి చదవకుండానే ఎంటర్ కొట్టేశా. పాత పద్ధతైతే రెండు పేర్లలోనూ ఉన్న 'లాగ్స్-' దగ్గర ఆగిపోయేది. అప్పుడు ఎంటర్ కొట్టినా అలాంటి ఫైలే లేదనేది తప్ప ఏమీ పోయేది కాదు. బ్యాకప్‌లోంచి తెచ్చుకోవడానికి సగం రోజు పట్టింది.

ఎస్‌ఎస్‌హెచ్‌తో (నెట్‌వర్క్ మీదుగా లాగిన్ అయ్యే పద్ధతి) వేరే సర్వర్‌లోకి వెళ్తే ఈ సెట్టింగులేవీ వెంట రావు, అక్కడా ఫైలు కాపీ చేసుకోవాలి. ఫైలు మార్చాక బయటికొచ్చి మళ్లీ లాగిన్ అవ్వక్కర్లేదు, కంట్రోల్ ఎక్స్, కంట్రోల్ ఆర్ నొక్కితే చాలు, దాన్ని మళ్లీ చదువుకుంటుంది.

బ్యాష్‌కి బదులు వాడే జడ్‌షెల్‌లో మెనూ ఇంకా అందంగా ఉంటుందని ఆఫీసులో కుర్రాళ్లు చెబుతూనే ఉన్నారు. నా ఫైల్లో మెనూ-కంప్లీట్ లైను ఇప్పటికీ ఉంది, ముందు హ్యాష్ గుర్తుతో, అంటే పనిచేయకుండా.