ఒసాకా వెళ్లేవాళ్లకు ఏది మేలు: టోక్యో జపనీసా, కాన్సాయి మాటా?

ఒసాకా, క్యోటో, కోబె వైపు చదువుకో ఉద్యోగానికో వెళ్లేవాళ్లకు మా సలహా: నోటికి టోక్యో ప్రమాణ భాష, చెవికి ఆ ప్రాంతపు కాన్సాయి మాండలికం.

జేఎల్‌పీటీ (జపనీస్ భాషా సామర్థ్య పరీక్ష), దరఖాస్తులు, ఇంటర్వ్యూ అన్నీ ప్రమాణ భాషలోనే. బడిలో, టీవీలో వినేది అదే కాబట్టి ఒసాకా వాళ్లకూ మీ మాట పూర్తిగా అర్థమవుతుంది. చిక్కంతా వాళ్ల మాట మీకు అందకపోవడంలోనే. పనిచోట ఎవరైనా ‘కొరె, నవొషితొయితె’ అన్నారనుకోండి. టోక్యో అర్థం ‘దీన్ని బాగుచెయ్యి’. కాన్సాయిలో చాలాసార్లు ‘తీసిన చోట పెట్టెయ్యి’ అని. అది తెలియనివాళ్లు బాగున్న పనిముట్టులో లోపం వెతుకుతూ కూర్చుంటారు. ‘హొకషితొయితె’ అంటే పారెయ్యమని. ‘కత్త’ టోక్యోలో ‘కొన్నాను’. కాన్సాయి పెద్దవాళ్ల నోట ‘అరువు తెచ్చుకున్నాను’ కూడా కావచ్చు. కొన్నానడానికి వాళ్లు ‘కోత’ అంటారు.

వ్యాకరణం అంత కష్టం కాదు. వాక్యం చివరి ‘ద’ బదులు ‘య’, ‘తబెనయి’ (తినను) బదులు ‘తబెహెన్’. అయితే కాన్సాయి అంతా ఒక్కటే అనుకోకండి: ‘రాడు’ అనడానికి ఒసాకాలో ‘కేహెన్’, క్యోటోలో ‘కీహిన్’, కోబెలో ‘కోహెన్’ ఎక్కువ.

ఉచ్చారణలో మాత్రం తెలుగువాళ్లకు కాన్సాయే కలిసొస్తుంది. టోక్యోలో ‘దెసు’ చివరి ఉకారం మింగేసి ‘దెస్’ అంటారు. కాన్సాయిలో అచ్చును నిండుగా పలికేవాళ్లు ఎక్కువ. అజంత భాషకు అలవాటుపడ్డ నోటికి అది హాయి. ‘తె’ (చేయి, శరీర భాగం) కూడా అక్కడ ‘తే’ అని సాగుతుంది.

అసలు గండం స్వరం ఎగుడుదిగుడులది. ‘హషి’లో మొదటి అక్షరం ఎత్తి రెండోది దించితే టోక్యోలో అన్నం తినడానికి వాడే పుల్లలు (చాప్‌స్టిక్స్), ఒసాకాలో వంతెన! అందుకే టోక్యో స్వరానికి ‘య’, ‘హెన్’ అతికిస్తే స్థానికుల చెవికి వెంటనే తేడా కొడుతుంది. దాన్ని ‘ఎసె కాన్సాయిబెన్’, అంటే నకిలీ కాన్సాయి అంటారు. కొందరికి అస్సలు నచ్చదు.

జేఎల్‌పీటీలో ఎన్3 (మధ్య) స్థాయి దాకా ప్రమాణ భాషే మాట్లాడండి. ఈలోగా ‘అకన్’ (కుదరదు), ‘చౌ’ (కాదు), ‘నన్‌బొ’ (ఎంత), ‘హొన్‌మ’ (నిజం) చెవిన పడగానే తట్టేలా సాధన చెయ్యండి. అక్కడే ఏళ్ల తరబడి ఉండేవాళ్లు తర్వాత స్థానికుల దగ్గర స్వరంతో సహా నేర్చుకోవచ్చు. ‘అహొ’, ‘బక’ మాత్రం వద్దు. రెండూ ‘తెలివితక్కువ’ అనే తిట్లే, ఒసాకాలో మొదటిది చనువు, రెండోది ఘాటు, టోక్యోలో తలకిందులు.