బరంపురంలో స్టాంపుల కొట్టు: నౌరూ స్టాంపు ఇప్పుడు ఏ పుటలో ఉందో చూసి రండి

బరంపురం పెద్ద బజారు దాటి, పట్టుచీరల దుకాణాల వెనక సందులోకి తిరిగితే ఒక కొట్టు ఉంది. ముందు సగంలో నోటు పుస్తకాలు, పెన్నులు, స్కూలు సామాను. వెనక సగంలో స్టాంపులు, పాత నాణేలు. బోర్డు మీద స్టాంపుల మాట ఎక్కడా ఉండదు కాబట్టి ఊళ్లో చాలామందికి ఈ సంగతే తెలియదు. నేను తపాలా శాఖలో సార్టింగ్ పని చేసి రిటైరైనవాణ్ణి. విశాఖపట్నం, కటక్, కోల్‌కతాల్లో స్టాంపులమ్మేవాళ్ల దగ్గర కూర్చున్నాను. సరుకు లెక్కన చూస్తే ఈ కొట్టు వాటి ముందు నిలబడదు. కానీ ఇక్కడున్న జోడీ పుస్తకాల్లాంటివి ఇంకెక్కడా చూడలేదు. వాటి కోసమే ఐదుకి నాలుగు నక్షత్రాలు ఇస్తున్నాను.

జోడీ పుస్తకాలంటే ఇవి. మామూలు ఆల్బమ్‌లో దేశానికో పుట ఉంటుంది. ఈ కొట్టు యజమాని అలా పెట్టలేదు. ఒకే నేలకి మేమే ప్రభుత్వం అని ఇద్దరు పోటీ పడిన ప్రతిచోటా, ఎడమ పుటలో ఒకరి స్టాంపులు, కుడి పుటలో రెండోవారివి అంటించాడు. ఏ దేశం ఎవరిని గుర్తించింది, ఎప్పుడు గుర్తించింది, ఎప్పుడు మాట మార్చింది అన్నది కింద పెన్సిల్‌తో రాశాడు. ఈ పుస్తకాలు అమ్మకానికి కావు. అడిగితే చూపిస్తాడు, నచ్చిన స్టాంపుకి ఇంకో కాపీ డబ్బాలోంచి తీసి ఇస్తాడు.

వెళ్లినవాళ్లు చైనా పుస్తకం దగ్గర తీరిగ్గా కూర్చోండి. అంతర్యుద్ధంలో ఓడిపోయి చాంగ్ కై షేక్ ప్రభుత్వం 1949లో తైవాన్ దీవికి చేరింది, బీజింగ్‌లో మావో ప్రభుత్వం వచ్చింది. మొత్తం చైనాకి మేమే ప్రభుత్వం అని ఇద్దరూ అన్నారు, ఇద్దరూ స్టాంపులు వేశారు. మన దేశం 1949 డిసెంబరు 30నే బీజింగ్‌ని గుర్తించింది. ఐక్యరాజ్య సమితిలో చైనా కుర్చీలో మాత్రం 1971 దాకా తైవాన్ రాజధాని తైపే మనుషులే కూర్చున్నారు. ఆ ఏడాది అక్టోబరు 25న 2758 నంబరు తీర్మానానికి 76 దేశాలు అనుకూలంగా, 35 వ్యతిరేకంగా ఓటేశాయి, 17 తటస్థంగా ఉన్నాయి. మనం అనుకూలంగా వేశాం. కుర్చీ బీజింగ్‌కి వెళ్లింది. మరుసటి ఏడాది ప్రపంచ తపాలా సమాఖ్యలోనూ అదే జరిగింది.

తపాలా మనిషిగా నాకు బాగా పట్టే విషయం ఇక్కడే ఉంది. 1874లో బెర్న్‌లో పుట్టిన ఆ సమాఖ్యలో తైవాన్‌కి చోటు పోయినా ఉత్తరాలు ఆగిపోలేదు. తైవాన్ స్టాంపు అంటించిన కవర్లు ఈనాటికీ దేశదేశాలు తిరుగుతూనే ఉన్నాయి. మన దేశానికి తైపేలో రాయబార కార్యాలయం లేదు, కానీ 1995 నుంచి ఇండియా తైపే అసోసియేషన్ పేరుతో ఒక ఆఫీసు నడుస్తోంది. ఢిల్లీలో వాళ్లదీ అలాంటిదే ఉంది. రాకపోకలు, వ్యాపారం, చదువులు అన్నీ జరుగుతాయి. లేనిదల్లా అధికారిక గుర్తింపు ఒక్కటే. దాని కోసమే ఇంత పోటీ.

తర్వాతి పుటల్లో ఆ పోటీ నడిచిన తీరు కనిపిస్తుంది. మాతో సంబంధం కావాలంటే తైపేతో తెంచుకోవాలన్నది బీజింగ్ షరతు. చాంగ్ కై షేక్ కాలంలో తైపేదీ ఇదే పట్టు. ఇద్దరితోనూ ఉంటానంటే కుదరదు కాబట్టి ప్రతి దేశపు స్టాంపూ, అది ఎవరిని గుర్తిస్తే వాళ్ల పుటలో ఉండాల్సిందే. ఎడమ వైపు, అంటే తైపే పుటలో, ఇప్పుడు మిగిలినవి పన్నెండు. యూరప్‌లో వాటికన్, ఆఫ్రికాలో ఎస్వాతినీ, దక్షిణ అమెరికాలో పరాగ్వే ఒక్కొక్కటే. పసిఫిక్‌లో పలావు, మార్షల్ దీవులు, తువాలు. మధ్య అమెరికాలో గ్వాటెమాల, బెలీజ్. కరీబియన్‌లో హైతీతో పాటు మూడు చిన్న దీవి దేశాలు. వెళ్లిపోయినవాటి చోటు ఖాళీగా వదిలేశాడు. ఆ ఖాళీల కింద తేదీలు చూడండి: పనామా 2017, డొమినికన్ రిపబ్లిక్, బుర్కినా ఫాసో, ఎల్ సాల్వడోర్ 2018, సోలమన్ దీవులు, కిరిబాతి 2019, నికరాగ్వా 2021, హోండురాస్ 2023.

పదే పదే పుట మారింది నౌరూ స్టాంపు. పసిఫిక్‌లో 21 చదరపు కిలోమీటర్ల దీవి అది. 1980లో తైపే, 2002లో బీజింగ్, 2005లో మళ్లీ తైపే. 2024 జనవరి 13న తైవాన్‌లో అధ్యక్ష ఎన్నిక జరిగి లై చింగ్ తే గెలిచాడు. రెండు రోజులకే నౌరూ బీజింగ్ వైపు వెళ్లింది. వార్త వచ్చాక యజమాని ఆ స్టాంపుని జాగ్రత్తగా ఊడదీసి కుడి పుటకి మార్చాడు. మార్చడం దేనికి, అక్కడే ఉంచి రాస్తే సరిపోతుంది కదా బాబూ అని అడిగాను. "మార్చకపోతే పుస్తకం అబద్ధమాడినట్టే గదండీ మాస్టారూ" అన్నాడు. ఈ కొట్టు మీద నాకు గౌరవం కలిగింది ఈ శ్రద్ధ వల్లే. కరీబియన్ దీవి సెయింట్ లూసియాదీ ఇదే కథ: 1984లో తైపే, 1997లో బీజింగ్, 2007లో మళ్లీ తైపే.

అటూ ఇటూ మారినందుకు ఏం ముట్టిందో కూడా కొన్నిటి కింద రాసి ఉంది. కోస్టారికా 2007లో బీజింగ్ వైపు వచ్చింది. చైనా ఆ దేశపు బాండ్లు 30 కోట్ల డాలర్లకి కొన్నది, రాజధానిలో స్టేడియం కట్టి ఇచ్చింది. తైవాన్ కూడా తన వంతు ఖర్చు పెట్టింది. పాపువా న్యూగినీ గుర్తింపు కోసం ఇద్దరు మధ్యవర్తుల్ని నమ్మి సుమారు 3 కోట్ల డాలర్లు పంపింది. గుర్తింపు రాలేదు, డబ్బూ చేతికి తిరిగి రాలేదు. 2008 మే నెలలో సంగతి బయటపడి విదేశాంగ మంత్రి రాజీనామా చేయాల్సి వచ్చింది. డబ్బు కాకుండా ఇంకో ఆయుధం కూడా ఉంది. 1999 జనవరిలో మాసిడోనియా తైపేని గుర్తించింది. ఫిబ్రవరిలో ఆ దేశంలో ఉన్న ఐరాస శాంతి దళం గడువు పెంచే తీర్మానాన్ని చైనా వీటో చేసింది. 2001కల్లా మాసిడోనియా తిరిగి బీజింగ్ పుటలోకి వచ్చేసింది. 2008 నుంచి 2016 దాకా, తైవాన్‌లో మా యింగ్ జియో అధ్యక్షుడుగా ఉన్నన్నాళ్లూ ఈ లాగులాట చాలావరకు సద్దుమణిగింది. ఆయన దిగిపోయాక మళ్లీ మొదలైంది.

ఈ పుటలు చూసి నౌరూ లాంటివాళ్లు అమ్ముడుపోయారని తేలిగ్గా అనేసేవాళ్లున్నారు. నా ముందే ఒక కుర్రాడు అన్నాడు. నాకా మాట నచ్చదు. దీవి మధ్యభాగమంతా ఫాస్ఫేట్ కోసం తవ్వేశారు, ఆ ఫాస్ఫేట్ అయిపోవచ్చింది. ఐరాసలో ఆ దేశానికి ఒక ఓటుంది. పెద్ద దేశానికున్నదీ ఒక ఓటే. ఆసుపత్రి నడపడానికీ పిల్లల్ని చదివించడానికీ ఆ ఒక్క ఓటు విలువ తెలుసుకుని వాడుకోవడం తప్పెలా అవుతుంది? అడగాల్సింది కొనడానికి డబ్బు సంచులతో దిగినవాళ్లని.

మనవాళ్లకి ఇది దూరపు కథేమీ కాదు. కోరాపుట్ జిల్లా పొట్టంగి బ్లాకులో కొటియా ఉంది, అవతల ఆంధ్రాలో సాలూరు మండలం. అక్కడి 21 గ్రామాలు మావంటే మావని రెండు రాష్ట్రాలూ దశాబ్దాలుగా అంటున్నాయి. కేసు 1968లో సుప్రీంకోర్టుకెక్కింది. 2006లో కోర్టు ఉన్నది ఉన్నట్టు ఉంచమంది. 2021లో ఆంధ్ర అక్కడ పంచాయతీ ఎన్నికలు పెడితే ఒడిశా కోర్టు ధిక్కారం అంటూ మళ్లీ కోర్టుకెళ్లింది. అక్కడి చాలా కుటుంబాల దగ్గర రెండు రాష్ట్రాల కార్డులూ ఉన్నాయి. ఒకరు రోడ్డు వేస్తే ఇంకొకరు స్కూలు కడతారు. రెండు కార్డులు పెట్టుకున్నందుకు ఆ గిరిజనుల్ని తప్పు పట్టేవాళ్లు, అంతకుముందు ఎన్నేళ్లు ఏ ప్రభుత్వమూ కొండెక్కలేదో కూడా గుర్తు చేసుకోవాలి. రాష్ట్రాల తగువు వేరు, దేశాల తగువు వేరు, నాకు తెలుసు. కానీ పైనున్న ఇద్దరి పోటీని కిందున్నవాడు ఎలా చూస్తాడన్నది రెండుచోట్లా ఒకటే. కొటియా వైపు నుంచి బరంపురం చదువుకోడానికి వచ్చిన పిల్లలు చైనా పుస్తకాన్ని మనకంటే తొందరగా అర్థం చేసుకుంటారని యజమాని చెప్తాడు. నాకది నిజమే అనిపిస్తుంది.

జర్మనీ పుస్తకం చిన్నదే అయినా మా వృత్తివాళ్లు తప్పక చూడాలి. తూర్పు జర్మనీని గుర్తించిన దేశంతో సంబంధం తెంచుకుంటామని పశ్చిమ జర్మనీ 1955లో ప్రకటించింది. దాన్ని హాల్‌స్టైన్ సిద్ధాంతం అంటారు. అన్నట్టే 1957లో యుగోస్లావియాతో, 1963లో క్యూబాతో తెంచుకుంది. మన దేశం 1972 అక్టోబరులో గానీ తూర్పు జర్మనీని గుర్తించలేదు. 1973లో రెండు జర్మనీలూ ఒకే రోజు ఐరాసలో చేరాయి. ఈలోగా తగువు పోస్టాఫీసుల దాకా వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత తూర్పు ప్రాంతాల నుంచి వెళ్లగొట్టబడ్డ జర్మన్ల గుర్తుగా పశ్చిమ జర్మనీ 1965లో ఒక స్టాంపు వేసింది. అది అంటించిన ఉత్తరాల్ని తూర్పు జర్మనీ వెనక్కి పంపింది, లేదా స్టాంపు మీద రంగు పూసేసింది. అలాంటి కవరు ఒకటి ఇక్కడుంది, బొమ్మ మీద నల్ల రంగుతో. ఉత్తరం రాసినవాళ్ల తప్పేముంది అనుకుంటూ ఆ కవరు వైపు చాలాసేపు చూశాను.

కొనదలిస్తే బంగ్లాదేశ్ సెట్ కొనండి. బంగ్లాదేశ్ స్వాతంత్ర్య యుద్ధంలో ఏర్పడ్డ తాత్కాలిక ముజీబ్‌నగర్ ప్రభుత్వాన్ని ఏ దేశమూ గుర్తించకముందే, 1971 జూలై 29న విడుదలైన ఎనిమిది స్టాంపులు. బిమాన్ మల్లిక్ డిజైన్ చేశాడు. కలకత్తాలోనూ లండన్‌లోనూ అమ్మారు. పది పైసల దాని మీద దేశపటం, అయిదు రూపాయల దాని మీద ముజీబ్ ముఖం, పది రూపాయల దాని మీద మద్దతివ్వమని పిలుపు. భారత్, భూటాన్ గుర్తించింది డిసెంబరు 6న. అంటే స్టాంపు వచ్చిన నాలుగు నెలల తర్వాతే గుర్తింపు వచ్చింది. ఈ సెట్ ఇక్కడ కోల్‌కతా కంటే చవగ్గానే దొరికింది, కాగితం కూడా శుభ్రంగా ఉంది.

ఇక నక్షత్రం ఎందుకు తగ్గించానంటే, ఆజాద్ హింద్ స్టాంపుల వల్ల. నేతాజీ ఉద్యమం కోసం 1943లో బెర్లిన్‌లో అచ్చయి, ఎన్నడూ ఉత్తరం మీదికెక్కని స్టాంపులవి. తర్వాతి కాలపు నకళ్లు బజారులో కొల్లలు. ఈ కొట్టులో అసలూ నకలూ ఒకే డబ్బాలో ఉన్నాయి. అడిగితే నిజం చెప్తాడు. అడగనివాడి సంగతేంటి? జార్జియా నుంచి విడిపోయామని ప్రకటించుకున్న అబ్‌ఖాజియా పేరుతో ఉన్న కాగితాలదీ ఇదే గొడవ. గ్రౌచో మార్క్స్, జాన్ లెనన్ బొమ్మలతో 1990లలో వచ్చినవి అవి. ఏ పోస్టాఫీసులోనూ చెల్లని అలంకారపు చీటీలు. వాటిని స్టాంపుల పక్కన స్టాంపుల ధరకే పెట్టకూడదు. ఈ రెండు విషయాలూ యజమానికి ముఖం మీదే చెప్పాను, వేరే డబ్బా పెడతానన్నాడు.

ఇంకో కొరత, సముద్రపు గాలి. గోపాలపూర్ ఇక్కడికి దగ్గరే, వానాకాలంలో తేమకి జిగురు కరిగి స్టాంపులు ఒకదానికొకటి అతుక్కుంటున్నాయి, కొన్నిటి మీద తుప్పు రంగు మచ్చలు పడ్డాయి. కొనేముందు ప్రతి స్టాంపునీ తిప్పి వెనక చూడండి. వివరాలన్నీ ఒడియాలో, ఇంగ్లీషులో ఉన్నాయి. తెలుగులో కూడా రాయమని అడిగాను, బరంపురంలో మనవాళ్లు ఇంతమంది ఉన్నారు కదా.

మధ్యాహ్నం భోజనాల వేళ కొట్టు మూసేస్తాడు, సాయంత్రం వెళ్లడం మంచిది. స్కూళ్లు తెరిచే జూన్‌లో మాత్రం ముందు గదిలో పిల్లల రద్దీకి ఆయనకి ఊపిరాడదు, జోడీ పుస్తకాలు తీయమనడం బాగుండదు. ఫోన్‌పే తీసుకుంటాడు. సందులోకి కారు రాదు, బజారులోనే ఆపి నడవాలి. పిల్లల్ని తీసుకెళ్లేవాళ్లు ముందుగా ఇంట్లో ప్రపంచపటం తెరిచి నౌరూ, పలావు, తువాలు ఎక్కడున్నాయో వెతికించి మరీ తీసుకెళ్లండి.