నాలుగేళ్లుగా సోయా షేక్: ఐబీఎస్ ఉన్న నాకు ఏది పడింది, ఏది పడలేదు

మధ్యలో ఆరు నెలలు మానేసింది తప్పిస్తే, నాలుగేళ్లుగా దాదాపు రోజూ పొద్దున ఒక గ్లాసు సోయా షేక్ తాగుతున్నాను. ఈలోగా ఐదు రకాల పొడులు మార్చాను, ఎనిమిది రకాల తీపి పదార్థాలు వాడి చూశాను. కొన్ని హాయిగా పడ్డాయి. కొన్ని తాగిన రోజు బయటికి అడుగు పెట్టలేకపోయాను. డబ్బా ముందువైపు రాసిన మాటలు నమ్మి నేను పోగొట్టుకున్న రోజులు మీరు పోగొట్టుకోకూడదని ఇది రాస్తున్నాను.

ముందుగా నా సంగతి. నాకు ఐబీఎస్ (ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్) ఉంది, అంటే పరీక్షల్లో వేరే జబ్బేమీ కనిపించకపోయినా కడుపునొప్పి, విరేచనాల తేడాలు తరచూ వచ్చే పేగుల సమస్య. నాది విరేచనాలు ఎక్కువయ్యే రకం. రక్త, మల పరీక్షలన్నీ చేయించి, వేరే జబ్బేమీ లేదని తేల్చుకున్నాకే డాక్టరు గారు ఆ పేరు చెప్పారు. పాలలోని లాక్టోజ్ అనే చక్కెర కూడా నాకు పడదు. పొద్దున ఏం తిన్నా కడుపులో మెలిపెట్టేది కాబట్టి భయపడి సగం తినేదాన్ని, మధ్యాహ్నానికి నీరసం వచ్చేది. తేలిగ్గా దిగేది, కాస్త బలం ఇచ్చేది ఏదైనా కావాలనుకున్నప్పుడు పాలు లేని సోయా షేక్ మంచి దారిలా కనిపించింది.

మొదటి డబ్బా మీద 'నూరు శాతం సోయా' అని ఉంది. అంతకంటే స్వచ్ఛమైనది ఏముంటుంది అనుకున్నాను. తాగిన రెండు మూడు గంటలకు పొట్ట రాయిలా బిగుసుకుపోయింది. గుడగుడలు, గ్యాస్, ఆ తర్వాత ఆగని పరుగులు. వారం ఓర్చుకుని వదిలేశాను. సోయాయే నాకు పడదని తీర్మానించుకుని ఆరు నెలలు దాని జోలికి పోలేదు.

ఆ తీర్మానం తప్పని తెలిసింది ఒక డైటీషియన్ దగ్గర. సోయా పడలేదండీ అంటే ఆవిడ "ఏ సోయా?" అని అడిగారు. ఈ సమీక్షలో మీరు ఒక్కటే గుర్తుపెట్టుకోదలిస్తే ఆ ప్రశ్నను గుర్తుపెట్టుకోండి.

సోయా గింజలో రాఫినోజ్, స్టాకియోజ్ అనే చక్కెరలు ఉంటాయి. వాటిని విడగొట్టే ఎంజైము మనిషి చిన్నపేగులో ఉండదు, ఎవరికీ ఉండదు. అవి అరగకుండా పెద్దపేగుకు చేరతాయి, అక్కడి బాక్టీరియా వాటిని పులియబెట్టి గ్యాస్ పుట్టిస్తుంది. మామూలు వాళ్లకు ఇది పెద్ద బాధ అనిపించదు. ఐబీఎస్ ఉన్న మనలాంటివాళ్ల పేగుల నరాలు ఎక్కువ సున్నితంగా ఉంటాయి కాబట్టి అంతే గ్యాస్ మనకు నొప్పిగా తెలుస్తుంది. ఇలా సరిగా అరగకుండా పులిసే చక్కెరలన్నిటినీ కలిపి ఫాడ్‌మ్యాప్ అంటారు. పీటర్ గిబ్సన్, సూ షెపర్డ్ అనే ఆస్ట్రేలియా పరిశోధకులు 2005లో ఈ మాటను వాడుకలోకి తెచ్చారు. మెల్‌బోర్న్‌లోని మోనాష్ విశ్వవిద్యాలయం ఆహార పదార్థాలను ల్యాబులో కొలిచి ఏది ఎక్కువో ఏది తక్కువో చెబుతుంది. గింజలతో చేసిన సోయా పాలు ఆ లెక్కలో ఎక్కువ వైపు ఉంటాయి, సోయా ప్రోటీన్‌తో చేసినవి తక్కువ వైపు. పేరు ఒకటే, పేగుల్లో చేసే పని మాత్రం వేరు.

కాబట్టి పొడి కొనేటప్పుడు నేను వెతికేది 'సోయా ప్రోటీన్ ఐసొలేట్' అనే మాట. నూనె తీసిన సోయా పిండిని నీళ్లలో కరిగించి, పీచు తీసేసి, ప్రోటీన్‌ను పాలు విరగ్గొట్టినట్టు విరగ్గొట్టి వేరుచేస్తారు. ఇబ్బంది పెట్టే చక్కెరల్లో చాలా భాగం ఆ నీళ్లతోనే పోతుంది. మిగిలేదాంట్లో దాదాపు 90 శాతం ప్రోటీనే. 'కాన్సంట్రేట్' అని ఉంటే 70 శాతం దాకా ఉంటుంది. అందులో చక్కెరలు ఎంత పోయాయన్నది దాన్ని కడిగిన పద్ధతిని బట్టి ఉంటుంది, ఆ సంగతి డబ్బా మీద రాయరు. కాన్సంట్రేట్ అర స్కూపు నాకు పడింది, పూర్తి స్కూపు పడలేదు. 'సోయా పిండి', 'గింజల పొడి' అని ఉంటే అక్కడే పెట్టేసి వచ్చేస్తాను.

ఇంతవరకు తెలుసుకుని ఐసొలేట్ డబ్బా తెచ్చుకున్నాను. ముందువైపు 'షుగర్ ఫ్రీ', 'ఫైబర్‌తో' అని పెద్ద అక్షరాలు. ఈసారి తప్పకుండా పడుతుందని ఎంతో ఆశపడ్డాను. ఆ సాయంత్రమే మళ్లీ అదే నొప్పి. నిజం చెప్పాలంటే ఏడ్చాను. మర్నాడు డబ్బా తిప్పి సన్న అక్షరాలు ఒక్కొక్కటిగా చదివాను. తీపి కోసం మాల్టిటాల్, ఫైబర్ కోసం ఇనులిన్. సోయా తప్పేమీ లేదు, దానికి తోడుగా వచ్చినవే నన్ను పడేశాయి.

చివర 'ఆల్' అని వినిపించే సార్బిటాల్, మానిటాల్, మాల్టిటాల్, జైలిటాల్, లాక్టిటాల్‌తో పాటు ఐసోమాల్ట్ కూడా ఒకే కుటుంబం, వీటిని పాలియాల్స్ అంటారు. ఇవి పేగులో పూర్తిగా ఇంకవు. నీటిని పేగులోకి లాగుతాయి, ఆపైన పులుస్తాయి. కొన్ని డబ్బాల మీద పేర్లకు బదులు అంకెలే ఉంటాయి: 420, 421, 953, 965, 966, 967. ఈ ఆరు అంకెలూ ఒక చీటీ మీద రాసి పర్సులో పెట్టుకున్నాను, ఇప్పటికీ అక్కడే ఉంది. ఇనులిన్‌కు కూడా మారుపేర్లున్నాయి. షికోరీ వేరు ఫైబర్, ఫ్రక్టో ఒలిగోశాకరైడ్లు, ఒలిగోఫ్రక్టోజ్ అని కనిపిస్తే అదే జాతి అనుకోండి. మంచి బాక్టీరియాకు మేత అని దాన్ని పొగుడుతారు, అది నిజమే. కానీ ఆ మేత మేసేటప్పుడు వచ్చే గ్యాసే మన బాధ.

ఆ తర్వాత పద్ధతి మార్చాను. తీపి, రుచి ఏదీ కలపని ఐసొలేట్ తెచ్చుకుని రెండు వారాలు ఉత్త నీళ్లలో కలిపి తాగాను. రుచి బాగుండదు. సుద్ద కలిపినట్టు నాలుకకు అంటుకుంటుంది, పచ్చి గింజల వాసన వస్తుంది. అయినా రెండు వారాలూ పొట్ట ప్రశాంతంగా ఉంది. దాన్ని ఆధారంగా పెట్టుకుని తీపి పదార్థాలను ఒక్కొక్కటిగా కలిపాను. మొదటి రోజు కొంచెం, మూడో రోజుకు మామూలు మోతాదు, తర్వాత రెండు మూడు రోజులు ఏమీ కలపకుండా విరామం. నోటు పుస్తకంలో రాసుకున్నాను. ఆఫీసులో టెన్షన్ ఎక్కువున్న వారంలో చేసిన పరీక్షను లెక్కలోంచి తీసేశాను, ఆ రోజుల్లో నాకు మంచినీళ్లు కూడా పడవు.

అన్నిటికంటే ఆశ్చర్యపరిచింది మామూలు పంచదార. ఒక చెంచా కలిపితే ఏమీ కాలేదు. పంచదారలో గ్లూకోజ్, ఫ్రక్టోజ్ సగం సగం ఉంటాయి, గ్లూకోజ్ తోడుంటే ఫ్రక్టోజ్ తేలిగ్గా ఇంకుతుంది. తేనెలో, అగావే అనే మొక్క నుంచి తీసే పాకంలో ఫ్రక్టోజ్ వాటా ఎక్కువ. సహజమైనవి కదా అని వాటితో మొదలుపెట్టాను, రెండూ నన్ను ఇబ్బంది పెట్టాయి. షుగర్ వ్యాధి ఉన్నవాళ్లు పంచదార విషయం డాక్టరుతోనే తేల్చుకోవాలి.

సుక్రలోజ్ పడింది, నాలుక మీద తీపి కొంచెం ఎక్కువసేపు నిలుస్తుంది. ఆస్పర్టేమ్ కూడా పేగులను కదపలేదు. ఫీనైల్‌కీటోన్యూరియా అనే పుట్టుకతో వచ్చే సమస్య ఉన్నవాళ్లు దాన్ని ముట్టకూడదు. స్టీవియా చుక్కలు బాగా పడ్డాయి. అదే స్టీవియా పొడి పొట్లం పడలేదు. వెనక్కి తిప్పి చూస్తే అందులో ఇనులిన్ ఉంది. స్టీవియా చిటికెడు వేసినా చాలా తీపి, అందుకే పొట్లం నింపడానికి వేరే పొడి కలుపుతారు. కలిపింది డెక్స్‌ట్రోజ్, అంటే గ్లూకోజ్ అయితే నాకు ఇబ్బంది లేదు.

జైలిటాల్ అర చెంచాకే తేల్చేసింది, ఇక వాడలేదు. ఎరిత్రిటాల్ మాత్రం ఆ కుటుంబంలో వేరు. చాలావరకు చిన్నపేగులోనే ఇంకి మూత్రంలో పోతుంది. ఒక చెంచా పడింది, రెండు చెంచాలకు వికారం వచ్చింది. 2023లో వచ్చిన ఒక పరిశోధనలో, రక్తంలో ఎరిత్రిటాల్ ఎక్కువున్నవాళ్లకు గుండెపోటు, పక్షవాతం ముప్పు ఎక్కువగా కనిపించింది. అది ఎరిత్రిటాల్ వల్లేనని రుజువు కాలేదు. మా ఇంట్లో గుండె జబ్బు ఉంది కాబట్టి నేను మానేశాను.

ఇప్పుడు నా గ్లాసులో ఉండేవి ఇవే: 25 గ్రాముల ఐసొలేట్, 300 మిల్లీలీటర్ల చల్లటి నీళ్లు, నాలుగు చుక్కల స్టీవియా, చిటికెడు కోకో. గటగటా తాగితే గాలి కూడా లోపలికి పోతుంది, అందుకే పావుగంట తీసుకుని తాగుతాను. పొద్దున్నే ఆకలి తీరుతోంది, మధ్యాహ్నం నీరసం తగ్గింది. ఐబీఎస్ పోలేదు. షేక్ దాన్ని నయం చేయదు, కనీసం నా రోజులో ఒక పూటకు భయం లేకుండా చేసింది. నాకు అది చాలా పెద్ద విషయం.

థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్లకు ఒక మాట. లెవోథైరాక్సిన్ ఒంటికి పట్టకుండా సోయా అడ్డుపడవచ్చు. మా అక్క ఆ మాత్ర వేసుకుంటుంది. డాక్టరు చెప్పినట్టు మాత్రకూ షేక్‌కూ మధ్య నాలుగు గంటలు ఎడం పాటిస్తుంది. మలంలో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం, రాత్రి నిద్ర లేపేసే విరేచనాలు ఉంటే షేకులు మార్చుకుంటూ కూర్చోకండి, వెంటనే డాక్టరును కలవండి. ఐబీఎస్ కోసం తిండిలో ఫాడ్‌మ్యాప్‌లను పూర్తిగా తగ్గించే దశ కూడా కొన్ని వారాలకే, ఆ తర్వాత పడేవి ఒక్కొక్కటిగా వెనక్కి తెచ్చుకోవాలి. నేను భయంతో ఎనిమిది నెలలు లాగాను, డైటీషియన్ గట్టిగా మందలించారు.

పోయిన ఏడాది, రెండేళ్లుగా వాడుతున్న నా ఐసొలేట్ డబ్బాయే కొత్త రంగులో వచ్చింది. పేరు అదే, ధీమాగా తాగేశాను. రెండో రోజుకు పాత నొప్పి తిరిగొచ్చింది. తిప్పి చూస్తే పదార్థాల్లో చివరి నుంచి రెండోది షికోరీ వేరు ఫైబర్. అప్పటినుంచి పాత డబ్బా పారేసే ముందు దాని లేబుల్‌ను ఫోనులో ఫోటో తీసుకుంటున్నాను. కొత్తది కొనేటప్పుడు రెండూ పక్కపక్కన పెట్టి చూశాకే డబ్బులు ఇస్తాను.